రెండు 1827 అర డాలర్లు, రెండు వేర్వేరు ధరలు: తొలినాటి అమెరికా వెండి నాణేల అచ్చు భేదాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డాలస్‌లో జరిగిన నాణేల ప్రదర్శనలో మీరు 1827 నాటి వెండి అర డాలరు ఒకటి కొన్నారు. పక్క బల్ల మీద అదే సంవత్సరం, అంతే అరుగుదల ఉన్న ఇంకో నాణేనికి ఆరు రెట్ల ధర చెప్పారు. ఎందుకని అడిగితే "అది అరుదైన ఓవర్టన్" అన్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినా మీకు తేడా ఏమీ కనిపించలేదు. ఆ తేడా ఏమిటి, చూడడం ఎలా నేర్చుకోవాలి, అర డాలర్లతో మొదలుపెట్టాలా చిన్న నాణేలతోనా, ఇందులో డబ్బు పెట్టడం మంచిదేనా అని అడిగారు.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మొదటి రెండేళ్లు పెట్టుబడి అనే మాటను పక్కన పెట్టండి. తేడా మీ కంటికి ఆనకముందే అరుదైన నాణెం కొంటే, మీరు డబ్బు ఇస్తున్నది అమ్మేవారి మాటకు. తేడా ఆనడం మొదలయ్యాక ఎవరి మాటతోనూ పని ఉండదు. ఇరవై రెండేళ్లుగా ఈ అర డాలర్లు చూస్తున్నాను. నా దగ్గర ఉన్న మంచి నాణేల్లో సగానికి పైగా, అమ్మినవారికి తమ చేతిలో ఏముందో తెలియక మామూలు ధరకు ఇచ్చినవే.

ఇక తేడా సంగతి. మన ఊళ్లలో నాణేలు పోగుచేసిన పిల్లలు సంవత్సరం కింద ఉన్న గుర్తు చూస్తారు. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నేను కూడా అక్కడే మొదలుపెట్టాను. ఏ టంకశాలలో తయారైందన్నదే అక్కడ ప్రశ్న. మీ అర డాలరుకు ఆ ప్రశ్నే లేదు. 1838కి ముందు అమెరికా ప్రభుత్వ నాణేలన్నీ ఫిలడెల్ఫియాలోనే తయారయ్యాయి. ఇక్కడ అడగాల్సింది, ఆ ఒక్క టంకశాలలో ఏ రెండు అచ్చుల మధ్య ఈ వెండి బిళ్ల పడింది అని.

ఇప్పటి నాణేల అచ్చులన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి కాబట్టి కవల పిల్లల్లా ఉంటాయి. ఆ రోజుల్లో అలా కాదు. లిబర్టీ దేవత తల, గద్ద వంటి ప్రధాన బొమ్మలను మాత్రమే మూల ముద్ర నుంచి ఉక్కు అచ్చులోకి దించేవారు. చుట్టూ ఉండే పదమూడు నక్షత్రాలు, సంవత్సరంలోని నాలుగు అంకెలు, బొరుసు వైపు దేశం పేరులోని ఇరవై ఒక్క అక్షరాలు, అడుగున '50 సీ.' అనే విలువ, వీటిని ఒక్కొక్కటిగా చేత్తోనే దించాలి. చిన్న ఉక్కు పంచ్‌ను అచ్చు మీద నిలబెట్టి సుత్తితో కొట్టడమే పద్ధతి. ఒక నక్షత్రం వెంట్రుకవాసి పైకి జరుగుతుంది. ఒక అక్షరం పక్కకు ఒరుగుతుంది. ఒక అంకె రెండుసార్లు పడుతుంది. చుక్కల ముగ్గు సంగతి మీకు తెలుసు కదా. అవే చుక్కలు, అవే మెలికలు, అయినా ఏ వాకిట్లో ఎవరి చెయ్యి పడిందో ఆ వీధిలో తిరిగేవారు గుర్తుపట్టగలరు. ఈ అచ్చులూ అంతే. రెండు అచ్చులు ఒకేలా ఉండడం అసాధ్యం.

బొమ్మ వైపు ఒక అచ్చు, బొరుసు వైపు ఒక అచ్చు కలిస్తే ఒక జత. ఈ జతనే మేము అచ్చు భేదం అంటాం. అచ్చు పగిలేవరకో, మరీ అరిగేవరకో వాడేవారు. జతలో ఒకటి పోతే, మిగిలినదాన్ని ఇంకోదానితో కలిపేవారు. అందువల్ల ఒకే బొమ్మ అచ్చు మూడు నాలుగు బొరుసు అచ్చులతో కనిపించవచ్చు. 1807 నుంచి 1836 వరకు తయారైన, టోపీ పెట్టుకున్న లిబర్టీ ఉన్న అర డాలర్లలో ఇలాంటి జతలు దాదాపు 450 ఉన్నాయి. మీ 1827 ఒక్క సంవత్సరంలోనే యాభైకి దగ్గరగా ఉన్నాయి. వాటిలో కొన్ని, వేలాది నాణేలను కొట్టి అరిగిపోయిన జతలు; ఇంకొన్ని పనిలో పెట్టిన కొద్దిసేపటికే పగిలిన జతలు. పక్క బల్ల మీద మీరు చూసినది ఈ రెండో రకం అయ్యుంటుంది.

ఈ జతలకు సంఖ్యలు ఇచ్చింది అల్ ఓవర్టన్. 1967లో ఆయన తొలినాటి అర డాలర్ల అచ్చు భేదాల మీద పుస్తకం ప్రచురించారు. ఆయన తర్వాత డొనాల్డ్ పార్స్‌లీ కొత్త కూర్పులు తెచ్చారు. అంతకుముందు 1881లో హేజల్‌టైన్, 1929లో బీస్టల్ ఇదే పని చేశారు కానీ, ఇప్పుడు అందరూ వాడేది ఓవర్టన్ సంఖ్యలే. ప్రతి సంవత్సరానికీ లెక్క 101తో మొదలవుతుంది. కాబట్టి ఒట్టి 'ఓ-104' అంటే అర్థం లేదు, '1827 ఓ-104' అనాలి. సంఖ్య పక్కన 'ఎ' అని చిన్న అక్షరం ఉంటే, అదే జత పగిలిన తర్వాతో సానపట్టిన తర్వాతో కొట్టిన నాణెం అని.

మొదట కొనాల్సింది ఈ పుస్తకమే, నాణెం తర్వాత. ధర ఎక్కువ అనిపిస్తుంది. కానీ పుస్తకం లేకుండా కొనే మొదటి తప్పుడు నాణెం అంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

ఎలా చూడాలో చెబుతాను, ఇది కొంచెం వివరంగా చెప్పాల్సిన విషయం. పది రెట్లు పెద్దది చేసి చూపే నగల వ్యాపారుల భూతద్దం ఒకటి తీసుకోండి. మేజా దీపం పక్క నుంచి, ఏటవాలుగా నాణెం మీద పడాలి. తల మీద నుంచి పడే వెలుతురులో ఏమీ కనిపించదు. నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి, అడుగున మెత్తని గుడ్డ పరుచుకోండి.

ముందు సంవత్సరం అంకెలు చూడండి. 1827లో మొదటి ప్రశ్న 2 అంకె పాదం గురించి. పాదం చదునుగా, పలకలా ఉందా, లేక వంపు తిరిగి ఉందా? వంపు పాదం ఉన్న జతలు ఆ ఏడాది చాలా తక్కువ. రెండో ప్రశ్న, 7 కింద 6 తాలూకు ఆనవాళ్లు ఉన్నాయా? 1826లో వాడకుండా మిగిలిన అచ్చులో 6 మీద 7 కొట్టి వాడుకున్నారు. ఆ జతలు వేరుగా ఉంటాయి. ఈ రెండు ప్రశ్నలతో మీ నాణెం చిన్న గుంపుల్లోకి వెళ్తుందో, పెద్ద గుంపులో మిగులుతుందో తేలుతుంది. చాలావరకు పెద్ద గుంపులోనే మిగులుతుంది, నిరుత్సాహపడకండి.

తర్వాత నక్షత్రాలు. ఎడమ వైపు ఏడు, కుడి వైపు ఆరు. నాణెం అంచు చుట్టూ పళ్లలాంటి చిన్న గుబ్బలు ఉంటాయి. ఒక్కో నక్షత్రం కొన ఆ పంటికి ఎదురుగా ఉందా, రెండు పళ్ల మధ్య సందుకు ఎదురుగా ఉందా అని చూడాలి. మొదటి నక్షత్రానికీ మెడ కొనకూ మధ్య దూరం, చివరి నక్షత్రానికీ జుట్టు ముడికీ మధ్య దూరం కూడా చూడాలి. చూసింది వెంటనే కాగితం మీద గీసుకోండి. ఫొటో తీయడం కన్నా గీయడం మేలు. ఫొటోలో కన్ను జారిపోయే చోట, గీసేటప్పుడు ఆగుతుంది.

తర్వాత నాణేన్ని తిప్పండి. బొరుసు వైపు గద్ద తల పైన రిబ్బను మీద 'ఇ ప్లూరిబస్ ఊనం' అని ఉంటుంది. అందులోని 'ఐ' అక్షరం, దానిపైన దేశం పేరులో ఉన్న 'టీ' అక్షరానికి ఎక్కడ పడిందో చూడండి. సరిగ్గా మధ్యలోనా, ఎడమ అంచు కిందా, కుడి అంచు కిందా? అనుభవం ఉన్నవారు బొరుసు వైపు మొట్టమొదట చూసేది ఇదే. పెద్ద గుంపును మూడు నాలుగు ముక్కలు చేయడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. ఆ తర్వాత గద్ద గుండె మీది కవచంలో నిలువు గీతలు పైకో కిందికో దాటిపోయాయేమో చూడండి. ఆపైన '50 సీ.' లోని అంకెల ఎత్తు, సున్నాకూ చుక్కకూ మధ్య ఎడం. ఇంతవరకు వచ్చేసరికి పుస్తకంలో రెండో మూడో జతలు మిగులుతాయి. చివరి తీర్పు పగుళ్లది.

మీ ఉత్సాహం అంతా ఖర్చుపెట్టాల్సింది ఈ పగుళ్ల మీదే. అచ్చులో పగులు అంటే ఉక్కులో సన్నని గాడి. నాణెం కొట్టినప్పుడు వెండి ఆ గాడిలోకి చొరబడుతుంది. అందుకే నాణెం మీద పగులు పైకి ఉబ్బిన సన్నని గీతలా కనిపిస్తుంది. గీత లోపలికి దిగి ఉంటే అది పగులు కాదు, తర్వాతెప్పుడో పడిన గీటు. ఈ ఒక్క విషయం నాకు అనుభవం నేర్పింది. మొదలుపెట్టిన మూడో ఏడాది ఒక ప్రదర్శనలో కాగితం కవరు మీద సంఖ్య, అరుదుతనం రెండూ రాసి ఉన్న నాణెం ఒకటి కొన్నాను. గుర్తుగా చెప్పిన పగులు కూడా నాకు కనిపించింది. ఇంటికి వచ్చి దీపాన్ని ఎడమ నుంచి కుడికి మార్చి చూస్తే, ఆ గీత నీడ పడాల్సిన వైపు పడలేదు. అది గీటు. నాణెం ఆ ఏడాది అన్నిటికన్నా సులువుగా దొరికే జత. అమ్మినవారిది మోసం కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఆయన కూడా ఎవరో రాసిన కవరును నమ్మి ఉంటారు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా వచ్చినవారికి పగులుకూ గీటుకూ తేడా చూపడానికి దాన్నే తీస్తాను.

పగుళ్లతోపాటు ఢీకొన్న గుర్తులు కూడా ఉంటాయి. మధ్యలో వెండి బిళ్ల పెట్టకుండానే యంత్రం దిగితే, రెండు అచ్చులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అప్పుడు ఒకదాని బొమ్మ లీలగా రెండోదాని మీదికి ఎక్కుతుంది. లిబర్టీ తల పక్కన ఖాళీలో గద్ద రెక్క నీడ, గద్ద చుట్టూ లిబర్టీ తల గీత కనిపిస్తే అదే. ఈ మచ్చలు పోవడానికి పనివారు అచ్చును సానపట్టేవారు. సాన ఎక్కువైతే బొమ్మలో లోతు తక్కువ ఉన్న భాగాలు చెరిగిపోతాయి. 1812, 1814 సంవత్సరాల్లో గద్ద గోళ్ల కింద రెండు ఆకులకు బదులు ఒక్క ఆకే ఉన్న నాణేలు ఇలాగే వచ్చాయి. అదే జత, అదే అచ్చు, ఆకు మాత్రం సానలో పోయింది. పగులు లేని నాణెం, సన్నని పగులు ఉన్నది, పగులు పెరిగి రెండు నక్షత్రాలను కలిపింది, ఈ మూడూ వరసగా పెట్టి చూస్తే రెండు వందల ఏళ్ల కిందట ఏది ముందు తయారైందో, ఏది తర్వాతో మీరే చెప్పగలరు. ఇలా మొదటిసారి ఐదు నాణేలను వరసలో పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొన్ని నాణేలు టంకశాల చరిత్రనే చెబుతాయి. 1815 తేదీ ఉన్న అర డాలర్లన్నిటికీ ఒకే జత. వాటిలో 5 కింద 2 కనిపిస్తుంది, అంటే 1812 కోసం చేసి మిగిలిన అచ్చు. మొత్తం 47,150 నాణేలు. అవి టంకశాల నుంచి బయటికి వచ్చింది 1816 జనవరి 10న. ఆ మర్నాడే తెల్లవారుజామున టంకశాలలో మంటలు లేచి, లోహాన్ని రేకులుగా సాగదీసే యంత్రాలున్న భవనం కాలిపోయింది. అందుకే 1816 తేదీతో అర డాలరు లేనే లేదు. 1817లో మళ్లీ పని మొదలైనప్పుడు, మూడేళ్ల కిందటి 1814 అచ్చు ఒకటి తీసి, 4 మీద 7 కొట్టారు. ఆ అచ్చు ఎక్కువ కాలం నిలవలేదు, పై నుంచి కింది వరకు పగిలింది. దాని నుంచి వచ్చిన నాణేలు ఇప్పుడు డజనుకు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి. ఈ వరుస మొత్తానికి మకుటం లాంటిది ఆ 1817/4.

ఇంకోటి నాకు చాలా ఇష్టం. 1813లో ఒక బొరుసు అచ్చు చేస్తూ పనివాడు దాన్ని తలకిందులుగా పెట్టుకున్నాడు. విలువ ఉండాల్సిన చోట దేశం పేరులోని మొదటి మూడు అక్షరాలు కొట్టేశాడు. తప్పు గ్రహించి, ఆ మూడు అక్షరాలను వీలైనంత చెరిపి, వాటి మీద '50 సీ.' కొట్టాడు. ఈనాటికీ 50 కింద ఆ అక్షరాలు తలకిందులుగా తొంగిచూస్తాయి. 1807లో అయితే '20' అని కొట్టి దాని మీద '50' దించారు. 1836లో ఒక అచ్చులో 8 బదులు 3 పడి, '1336' అయ్యి, తర్వాత దిద్దుకున్నారు. మంచి ఉక్కు అచ్చు అంటే ఎంతో శ్రమ. తప్పు పడిందని పారేసే స్థితి వారికి లేదు. భూతద్దంలో ఆ దిద్దుబాటు చూసినప్పుడు, ఏడవ వీధిలోని ఆ చిన్న టంకశాలలో సుత్తి పట్టుకున్న మనిషి చెయ్యి కనిపిస్తుంది నాకు.

ఆ మనుషుల్లో ఒకరి పేరు తప్పకుండా తెలుసుకోవాలి. జాన్ రైక్ బవేరియా నుంచి వచ్చిన చెక్కుడు పనివాడు. 1807లో టంకశాలలో సహాయకుడిగా చేరి ఈ టోపీ లిబర్టీని రూపొందించారు. 1817లో వెళ్లిపోయారు. ఆయన కాలపు అచ్చుల్లో పదమూడో నక్షత్రం కొనలో చిన్న గంటు ఒకటి ఉంటుంది. తన పనికి ఆయన చాటుగా పెట్టుకున్న సంతకం అదేనని మాలో ఎక్కువమంది నమ్మకం. 1817 లోపు నాణెం ఏది చేతికి వచ్చినా, మొదట ఆ నక్షత్రం మీదికే నా కన్ను పోతుంది.

మీ మూడో ప్రశ్న: అర డాలర్లా, చిన్నవా? నా సలహా సందేహం లేకుండా అర డాలర్లే. కారణం చరిత్రలోనే ఉంది. వెండి డాలర్లు విదేశాలకు తరలిపోతున్నాయని 1804 తర్వాత వాటి తయారీ ఆపేశారు. మళ్లీ డాలరు వచ్చింది 1836లో. మధ్యలో ముప్పై ఏళ్లు వెండిలో అన్నిటికన్నా పెద్ద నాణెం అర డాలరే. బ్యాంకులు స్పానిష్ డాలర్లను తెచ్చి ఇస్తే టంకశాల వాటిని కరిగించి అర డాలర్లు చేసి ఇచ్చేది. బ్యాంకులు వాటిని సంచుల్లో నిల్వ ఉంచి, ఒకరికొకరు చెల్లింపులకు ఆ సంచులే మార్చుకునేవి. సంతలో చేతులు మారింది తక్కువ. అందువల్ల చాలా నాణేలు వివరాలు చెరగకుండా మిగిలాయి. సంఖ్య కూడా ఎక్కువ, 1827లో యాభై నాలుగు లక్షలకు పైగా, 1836లో అరవై ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. నేర్చుకునేవారికి కావలసింది ఇదే: వివరం పోని, ధర అందుబాటులో ఉండే, కావలసినన్ని దొరికే నాణెం.

పావు డాలర్లలో భేదాలు తక్కువ, ధరలు ఎక్కువ. వాటిని 1925లో వచ్చిన బ్రౌనింగ్ సంఖ్యలతో పిలుస్తారు. డైములు (పది సెంట్ల నాణేలు), అర డైములు (ఐదు సెంట్లవి) అందమైనవే కానీ, మీ వేలి గోరంత నాణెం మీద పగులు వెతకడం మొదటి ఏడాదిలో చేసే పని కాదు. అయినా డైముల్లో ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. పద్దెనిమిదో శతాబ్దం చివరా, పంతొమ్మిదో శతాబ్దం మొదటా డైము, రెండున్నర డాలర్ల బంగారు నాణెం ఇంచుమించు ఒకే కొలత. బొరుసు వైపు విలువ రాసేవారు కాదు. దాంతో ఒకే బొరుసు అచ్చుతో వెండి డైములూ బంగారు నాణేలూ కొట్టారు. నక్షత్రాలు పద్నాలుగు ఉన్న 1804 బొరుసు అచ్చు అలాంటిదే. పది సెంట్ల వెండి నాణెం మీద పగులు చూసి, బంగారు నాణెం దానికి ముందు తయారైందా తర్వాతా అని చెప్పగలగడం ఎంత గొప్ప విషయం!

అర డాలర్లలోనే 1794, 1795 నాటి విరబోసిన జుట్టు లిబర్టీ, 1796, 1797 నాణేలు ఇప్పుడు మీకు వద్దు. ఆ చివరి రెండేళ్లకూ కలిపి తయారైనవి 3,918 మాత్రమే. వాటిని ప్రదర్శనల్లోనూ మ్యూజియంలోనూ చూసి ఆనందించండి.

అరుదుతనం లెక్క గురించి. డాక్టర్ విలియం షెల్డన్ సెంటు నాణేల కోసం పెట్టిన కొలమానమే ఇక్కడా వాడతారు. ఆర్-1 అంటే వెయ్యికి పైగా మిగిలి ఉన్నాయని, ఆర్-4 అంటే 81 నుంచి 200, ఆర్-5 అంటే 31 నుంచి 80, ఆర్-6 అంటే 13 నుంచి 30, ఆర్-7 అంటే 4 నుంచి 12, ఆర్-8 అంటే ఒకటి నుంచి మూడు. ఇవి అంచనాలు, శాసనాలు కావు. పుస్తకం వచ్చాక వందలమంది తమ పెట్టెలు వెతుకుతారు, కొత్తవి బయటపడతాయి, ఆర్-6 కాస్తా ఆర్-5 అవుతుంది. ఇంకో విషయం. ఈ కొలమానం ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎంతమందికి కావాలో చెప్పదు. మామూలు కంటికి కనిపించే తేడా ఉన్న ఆర్-2 నాణేనికి, భూతద్దంలో తప్ప కనిపించని ఆర్-4 కంటే ఎక్కువ ధర పలకవచ్చు. పేరున్న తేడాలను ఈ విషయం తెలియనివారు కూడా కొంటారు. మనలాంటివారికి మిగిలేది రెండో రకం, అవకాశం ఉన్నది కూడా అక్కడే. నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉంది అని తేల్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన నాణేల మీద కూడా ఓవర్టన్ సంఖ్య ప్రతిసారీ ఉండదు. అడిగి, దానికి విడిగా రుసుము కట్టినవారికే రాసిస్తారు. సంఖ్య లేని పెట్టెలను ఓపికగా చూడండి.

ఇప్పుడు మన ఇళ్లలో పెరిగినవారికి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటి. పండగ వస్తే వెండి కుందులు, పళ్లేలు చింతపండుతోనో విభూతితోనో తోమి తళతళలాడించడం మనకు అలవాటు. నల్లబడ్డ వెండి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. దయచేసి నాణేన్ని తోమకండి. కుంకుడు రసం వద్దు, పళ్ల పొడి వద్దు, మెత్తని గుడ్డతో రుద్దడం కూడా వద్దు. రెండు వందల ఏళ్లలో పేరుకున్న ఆ నీలి, బూడిద రంగు పొర నాణెం పైభాగాన్ని కాపాడుతోంది. తోమితే సన్నని గీతలు లెక్కలేనన్ని పడతాయి, ధర సగానికి పడిపోతుంది. మనకు ముఖ్యమైన సన్నని పగుళ్ల గుర్తులు కూడా చెరుగుతాయి. నా స్నేహితుడి ఇంటికి వచ్చిన పెద్దావిడ ఒకరు, అబ్బాయికి సాయం చేద్దామని పదకొండు అర డాలర్లను విభూతి పెట్టి తోమారు. ఆమె ప్రేమలో లోపం లేదు. ఆ నాణేలు మాత్రం తిరిగి రాలేదు.

నకిలీల విషయంలో మూడు పరీక్షలు చాలావరకు సరిపోతాయి. మొదటిది బరువు. 13.48 గ్రాములు ఉండాలి, అరిగిన నాణెం కొద్దిగా తగ్గవచ్చు. రెండోది అంచు. 1836లో ఆవిరి యంత్రంతో గీతల అంచు వచ్చేవరకు, ఈ నాణేల అంచు మీద 'ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఏ డాలర్' అని అక్షరాలు ఉంటాయి. నాణెం కొట్టకముందే బిళ్లను రెండు పట్టీల మధ్య దొర్లించి ఆ అక్షరాలు ఎక్కించేవారు. అందుకే ఒక్కోసారి అవి ఒకదాని మీద ఒకటి పడతాయి, కంగారుపడకండి. అసలు అక్షరాలే లేకపోతే మాత్రం కొనకండి. మూడోది మనం ఇంతసేపు మాట్లాడుకున్నదే. నక్షత్రాలు, అక్షరాలు పుస్తకంలోని ఏ జతకూ కుదరకపోతే, కొత్త భేదం కనిపెట్టానని సంతోషించే ముందు అది నకిలీ అని అనుమానించండి. ఆ కాలంలోనే దొంగచాటుగా చేసిన అర డాలర్లు చాలా ఉన్నాయి. వాటిని ప్రత్యేకంగా సేకరించేవారూ ఉన్నారు. ఇటీవలి నకిలీలు ఇంకా ప్రమాదం, బరువు కూడా సరిగ్గా ఉంచుతున్నారు. వాటికి మూడో పరీక్షే మందు.

ఎక్కడ నేర్చుకోవాలంటే, ముందు చూడడం ద్వారానే. పెద్ద వేలం సంస్థల పాత అమ్మకాల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చాలావాటికి ఓవర్టన్ సంఖ్య కూడా రాసి ఉంటుంది. రోజుకు ఒక నాణెం ఫొటో తీసుకుని, సంఖ్య కనిపించకుండా కప్పి, పుస్తకంతో మీరే తేల్చి, తర్వాత సరిచూసుకోండి. మొదట ఒక్కోదానికి గంట పడుతుంది. మూడు నెలల్లో పది నిమిషాలకు వస్తుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడిపే న్యూమన్ పోర్టల్‌లో పాత వేలం జాబితాలు, నాణేల పత్రికలు ఉచితంగా చదవవచ్చు. 1984లో మొదలైన జాన్ రైక్ కలెక్టర్స్ సొసైటీలో చేరండి, వారి పత్రికలో కొత్తగా దొరికిన భేదాల వివరాలు వస్తాయి. అర డాలర్లకే ప్రత్యేకమైన బస్ట్ హాఫ్ నట్ క్లబ్ 1966 నుంచి ఉంది. దానికి ఇంకా తొందర లేదు. ప్రదర్శనల్లో ఆ క్లబ్ సభ్యులు కనిపిస్తే పక్కన కూర్చోండి. అడిగితే చెప్పనివారిని ఇన్నేళ్లలో నేను చూడలేదు.

కొనడానికి వస్తే, అన్ని సంవత్సరాలూ ఒక్కొక్కటి కొనే దారి ఒకటి, ఒకే సంవత్సరాన్ని పట్టుకుని అందులోని జతలన్నీ వెతికే దారి ఇంకొకటి. ఎక్కువమంది మొదటిది చెబుతారు. నేను రెండోదే చెబుతాను. మీ చేతిలో 1827 ఉంది కాబట్టి 1827తోనే ఉండండి. అవే అంకెలు, అదే గద్ద, మళ్లీ మళ్లీ చూస్తుంటే కన్ను తొందరగా పదునెక్కుతుంది. నాణేల కండిషన్ కొలతలో వీఎఫ్ (వెరీ ఫైన్) 20 నుంచి 35 మధ్య ఉన్నవి చాలు. నక్షత్రాల గీతలు, రిబ్బను మీది అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, ధర హద్దులో ఉంటుంది. అంతకన్నా మెరిసేవాటికి ఇచ్చే అదనపు డబ్బు మెరుపుకే పోతుంది, భేదానికి కాదు. మొదటి ఏడాదిలో పదిహేను జతలు పోగుచేస్తే చాలా మంచి పని చేసినట్టు.

ఇక మీ నాణెం. ప్రశ్నతోపాటు మీరు పెట్టిన ఫొటోలో వెలుతురు తల మీద నుంచి పడింది, అంకెలు తెల్లగా మెరిసిపోయాయి. 2 పాదం చదునుగా ఉన్నట్టు అనిపిస్తోంది కానీ, దీని మీద ఏమీ తేల్చలేను. దీపాన్ని నాణేనికి ఎడమ వైపు, బల్ల ఎత్తుకు కొంచెం పైన పెట్టి మళ్లీ తీయండి. సంవత్సరం అంకెలు దగ్గరగా ఒకటి. మొదటి నక్షత్రం, మెడ కొన కలిసి ఒకటి. చివరి నక్షత్రం, జుట్టు కలిసి ఒకటి. బొరుసు వైపు టీ, ఐ అక్షరాలు ఒకటి, '50 సీ.' ఒకటి. ఏడో నక్షత్రం నుంచి టోపీ వైపు సన్నని గీత ఒకటి నడుస్తున్నట్టు ఉంది. అది ఉబ్బి ఉందో, లోపలికి దిగి ఉందో మాత్రం దీపం రెండు వైపులా మార్చి చూసి, మీరే చెప్పండి.